అమెరికా రాష్ట్రాల వెండి నాణేలు: ఏ శ్రేణి ఎవరికి తగినది?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో రాష్ట్రాల పేరిట వెలువడిన పావు డాలరు నాణేలను పోగుచేసే పిల్లలు, వారికి తోడుగా నిలిచే పెద్దలు చాలామందే ఉన్నారు. చిల్లరలో వచ్చిన నాణేలతో ఆల్బం నిండిన తరువాత, ఇవే వెండిలో దొరుకుతాయా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దొరుకుతాయి. అయితే "రాష్ట్రాల వెండి నాణేలు" అన్న ఒక్క మాట కింద అమ్మకానికి కనిపించేవి నిజానికి నాలుగు వేర్వేరు శ్రేణులు. పరిమాణంలోగాని, వెండి పాలులోగాని, తిరిగి అమ్మినప్పుడు చేతికి వచ్చే మొత్తంలోగాని వాటికి ఒకదానితో ఒకటి పొంతన లేదు. ఏది కొనాలో తేలక ఆగిపోయినవారికి, అంతకంటే ముఖ్యంగా ఒకటి అనుకొని మరొకటి కొనబోతున్నవారికి ఈ పోలిక ఉపయోగపడాలని నా ఉద్దేశం.

పోల్చబోయేవి ఇవి: 1999 నుంచి 2008 వరకు వచ్చిన యాభై రాష్ట్రాల క్వార్టర్లలో (పావు డాలరు నాణేల్లో) వెండి ప్రూఫ్ నాణేలు, అంటే అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా చేసి సెట్లుగా అమ్మినవి, 2010 నుంచి 2021 వరకు జాతీయ పార్కులు, చారిత్రక స్థలాల బొమ్మలతో వచ్చిన 'అమెరికా ది బ్యూటిఫుల్' క్వార్టర్లలో వెండి ప్రూఫ్ నాణేలు, ఆ పార్కుల బొమ్మలతోనే తయారైన ఐదు ఔన్సుల పెద్ద వెండి నాణేలు, ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో రాష్ట్రాల శతాబ్ది, త్రిశతాబ్ది ఉత్సవాలకు వెలువడిన పాత అర డాలరు నాణేలు. 2018లో మొదలైన 'అమెరికన్ ఇన్నొవేషన్' డాలరు నాణేలు కూడా రాష్ట్రానికొకటి చొప్పునే వస్తున్నాయి గాని వాటిలో వెండి లేదు కాబట్టి వాటిని ఇక్కడ చేర్చలేదు. ప్రైవేటు సంస్థలు బంగారు పూత వేసి, రంగులద్ది అమ్మే రాష్ట్ర క్వార్టర్లను అసలే లెక్కలోకి తీసుకోలేదు. అవి మామూలు చిల్లర నాణేలు. పూత వాటి విలువను పెంచదు, పైగా సేకరణకారుల దృష్టిలో అది నాణేన్ని పాడుచేయడమే.

## ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, మీరు కొంటున్నది వెండినా, రాష్ట్రాల కథనా అన్నది. వెండి ధర ప్రకారం నాణెంలోని లోహానికి ఎంత విలువ వస్తుందో, దానిపైన చెల్లించే అదనపు మొత్తాన్ని ఈ వ్యాపారంలో ప్రీమియం అంటారు. మన నగల దుకాణాల్లో తరుగు, మజూరీ ఎలాంటివో ఇది అలాంటిదే: కొనేటప్పుడు తప్పకుండా కడతాం, అమ్మేటప్పుడు తిరిగి వస్తుందన్న హామీ లేదు. వెండి కోసం కొనేవారికి ప్రీమియం ఎంత తక్కువైతే అంత మంచిది. కథ కోసం కొనేవారు కొంత ప్రీమియం భరించక తప్పదు. అయితే ఆ అదనపు సొమ్ము దేనికి చెల్లిస్తున్నామో వారికి స్పష్టంగా తెలిసి ఉండాలి.

రెండో విషయం, శ్రేణిని పూర్తిచేయగలమా అన్నది. యాభై నాణేల శ్రేణిలో ముప్ఫై కొని ఆపేస్తే అమ్మేటప్పుడూ ఇబ్బందే, చూసుకునేటప్పుడూ వెలితే. కొన్ని శ్రేణులు సామాన్య ఉద్యోగి కూడా రెండు మూడేళ్లలో పూర్తిచేయగలిగినవి. కొన్ని అలా కావు.

మూడోది, నాణెం అసలైనదో కాదో, వెండిదో కాదో ఇంట్లోనే తేల్చుకోగలమా అన్నది. దీనిని చాలామంది చివరి అంశంగా చూస్తారు. నా దృష్టిలో కొత్తవారికి ఇదే మొదటిది, ఎందుకంటే ఈ నాణేల విషయంలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం నకిలీల వల్ల కాక, వెండి కాని అసలు నాణేన్ని వెండిదనుకొని కొనడం వల్ల జరుగుతుంది.

ఇవికాక, బొమ్మ ఎంత స్పష్టంగా కనిపిస్తుంది, దాచుకోవడానికి ఎంత చోటు కావాలి, అమ్మాలనుకున్నప్పుడు కొనేవారు సులభంగా దొరుకుతారా అన్నవి మనిషిని బట్టి మారే అంశాలు.

| అంశం | రాష్ట్ర క్వార్టర్లు, వెండి ప్రూఫ్ | పార్కుల క్వార్టర్లు, వెండి ప్రూఫ్ | ఐదు ఔన్సుల నాణేలు | పాత అర డాలర్లు |
|---|---|---|---|---|
| కాలం | 1999–2008 | 2010–2021 | 2010–2021 | ప్రధానంగా 1918–1946 |
| వెండి పాలు | 90 శాతం | 2018 వరకు 90, 2019 నుంచి 99.9 శాతం | 99.9 శాతం | 90 శాతం |
| వ్యాసం | 24.3 మి.మీ. | 24.3 మి.మీ. | 76.2 మి.మీ. | 30.6 మి.మీ. |
| ఒక్కో నాణెంలో వెండి (ఒక ట్రాయ్ ఔన్సు సుమారు 31.1 గ్రాములు) | సుమారు 0.18 ట్రాయ్ ఔన్సు | సుమారు 0.18, తరువాత 0.20 ట్రాయ్ ఔన్సు | 5 ట్రాయ్ ఔన్సులు | సుమారు 0.36 ట్రాయ్ ఔన్సు |
| మొత్తం నాణేలు | 50 (2009లో మరో 6) | 56 | 56 | కొన్ని రాష్ట్రాలకే |
| పూర్తిచేయడం | సులభం | సులభం | చాలా ఖరీదు | ఎంపికను బట్టి |
| సొమ్ము ప్రధానంగా దేనికి | కథకు, కొంత వెండికి | కథకు, కొంత వెండికి | వెండికి | అరుదైనతనానికి, స్థితికి |

## యాభై రాష్ట్రాల క్వార్టర్లు

1997 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో చట్టమైన పథకం ప్రకారం, ఏడాదికి ఐదు చొప్పున పదేళ్లపాటు ఈ నాణేలు వచ్చాయి. వచ్చిన క్రమంలోనే ఒక చరిత్ర ఉంది: రాజ్యాంగాన్ని ఆమోదించిన క్రమంలో, తరువాత సమాఖ్యలో చేరిన క్రమంలో రాష్ట్రాలను తీసుకున్నారు. అందుకే 1999లో డెలావేర్ మొదటిది, 2008లో హవాయి చివరిది. బొమ్మ వైపు 1932 నాటి జార్జ్ వాషింగ్టన్ ముఖచిత్రమే ఉంటుంది. దేశం పేరు, నాణెం విలువ కూడా అటువైపే చేర్చి, బొరుసును పూర్తిగా రాష్ట్రానికి వదిలారు. అక్కడ రాష్ట్రం పేరు, అది సమాఖ్యలో చేరిన సంవత్సరం, దానికి గుర్తుగా ఎంచుకున్న చిత్రం, నాణెం వెలువడిన సంవత్సరం కనిపిస్తాయి.

ఈ చిత్రాల్లో కొన్ని నిజంగా ఆలోచించి ఎంచుకున్నవి. అలబామా నాణెంపై హెలెన్ కెల్లర్ పేరు బ్రెయిలీ లిపిలో కూడా ఉంది. చెలామణికి వచ్చిన అమెరికా నాణేల్లో బ్రెయిలీ ఉన్న మొదటిది అదే. న్యూహాంప్‌షైర్ నాణెంపై ఉన్న 'ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ది మౌంటెన్' అనే శిలాముఖం 2003 మే నెలలో కూలిపోయింది కనుక, ఇప్పుడు పిల్లలకు దాన్ని చూపించాలంటే నాణెమో ఫొటోయో తప్ప వేరే దారి లేదు. టెక్సాస్ నాణెంపై రాష్ట్ర పటం, ఒంటరి నక్షత్రం, చుట్టూ పశువుల కాపరుల తాడు ఉంటాయి. కాలిఫోర్నియా నాణెంపై ప్రకృతి పరిరక్షకుడు జాన్ మ్యూర్, యోసెమిటీలోని హాఫ్ డోమ్, పైన ఎగురుతున్న కాండోర్ పక్షి. న్యూజెర్సీ వాషింగ్టన్ సేన డెలావేర్ నదిని దాటిన ఘట్టాన్ని ఎంచుకుంది. అన్నీ ఇంత బాగున్నాయని చెప్పలేను. రాష్ట్ర పటం గీసి లోపల రెండు మూడు గుర్తులు ఇరికించినవి కూడా ఉన్నాయి. పైగా 24.3 మిల్లీమీటర్ల బిళ్ళ మీద సన్నని గీతలు చూడాలంటే భూతద్దం కావలసిందే.

చెలామణి కోసం ఈ శ్రేణిలో 3,400 కోట్లకు పైగా నాణేలు తయారయ్యాయి. అవన్నీ రాగి గర్భం మీద రాగి, నికెల్ మిశ్రమపు పొర ఉన్నవే. వెండివి చెలామణిలోకి రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో మాత్రమే ప్రూఫ్ పద్ధతిలో చేసి, సెట్లుగా అమ్మారు. ప్రూఫ్ అంటే మెరుగుపెట్టిన అచ్చులతో, ప్రత్యేకంగా సిద్ధం చేసిన బిళ్ళలను ఒకటికంటే ఎక్కువసార్లు నొక్కి చేసిన నాణెం. దాని నేపథ్యం అద్దంలా మెరుస్తుంది, బొమ్మ తెల్లగా మసకగా పైకి తేలి కనిపిస్తుంది.

ఇక్కడే కొత్తవారు పొరబడతారు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల అదే కాలంలో వెండి లేని ప్రూఫ్ నాణేలను కూడా చేసింది. వాటిపైన కూడా 'ఎస్' అనే టంకశాల గుర్తే ఉంటుంది, అద్దంలాంటి మెరుపూ ఉంటుంది. కాబట్టి "ఎస్ ప్రూఫ్" అన్న వర్ణన ఒక్కటే చూసి వెండి ధర చెల్లించకూడదు. అంచు చూడండి: వెండి లేనిదానికి అంచు చుట్టూ ఎర్రటి రాగి గీత కనిపిస్తుంది, వెండిదానికి అంచంతా ఒకే తెలుపు. తూచి చూస్తే వెండిది 6.25 గ్రాములు, వెండి లేనిది 5.67 గ్రాములు; మిల్లీగ్రాముల దాకా చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటే సందేహమే ఉండదు. అయస్కాంతంతో పరీక్షించమని చెప్పేవారి మాట ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ రెండు రకాల్లో దేనినీ అయస్కాంతం ఆకర్షించదు. ఇనుముతో చేసిన ముతక నకిలీలను పట్టుకోవడానికి మాత్రమే అది సాయపడుతుంది.

1999 వెండి ప్రూఫ్ సెట్టు గురించి విడిగా చెప్పాలి. తొలి ఏడాది కావడంతో ఆ సెట్టు 8,04,565 మాత్రమే తయారైంది. అందులో ఐదు క్వార్టర్లతోపాటు సెంటు, నికెల్ (ఐదు సెంట్ల నాణెం), డైమ్ (పది సెంట్ల నాణెం), అర డాలరు కూడా ఉండేవి. 2000 దశకం మధ్యలో సేకరణ ఉత్సాహం ఉరకలేస్తున్నప్పుడు దాని ధర బాగా పెరిగి, ఉత్సాహం చల్లబడగానే బాగా తగ్గిపోయింది. ఎనిమిది లక్షల సెట్లు ఉన్న వస్తువును అరుదైనదని ఎవరైనా అమ్మజూపితే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1999 సెట్టుకు మిగతా ఏళ్ల సెట్లకంటే కొంత ఎక్కువ ఇవ్వవలసి వస్తుంది గాని, ఆ ఎక్కువకు ఒక హద్దు ఉండాలి.

2004 నుంచి ఐదు వెండి క్వార్టర్లను మాత్రమే కలిపి విడి సెట్లుగా కూడా అమ్మారు. రాష్ట్రాలు తప్ప మిగతా నాణేలు అక్కరలేనివారికి అవి తగినవి. 2009లో రాజధాని ప్రాంతమైన డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియాకు, ప్యూర్టోరికో, గ్వామ్ వంటి ఐదు ప్రాంతాలకు కలిపి ఆరు నాణేలు వచ్చాయి. యాభైతో ఆపవచ్చు, యాభై ఆరు చేయవచ్చు. ఆల్బంలో ఆ ఆరు ఖాళీ గుంటలు కనిపిస్తుంటే చాలామంది కొనకుండా ఉండలేరు.

వెండి పరంగా చూస్తే ఈ శ్రేణి చిన్నదే. యాభై నాణేలూ కలిపి 312.5 గ్రాముల బరువు, అందులో వెండి సుమారు 281 గ్రాములు, అంటే తొమ్మిది ట్రాయ్ ఔన్సులకు కొద్దిగా పైన. రెండు ఐదు ఔన్సుల నాణేల్లో ఇంతకంటే ఎక్కువ వెండి ఉంటుంది. అయినా, పదేళ్లలో ముగిసిపోయిన శ్రేణి, అంచు చూసి తేల్చుకోగలిగిన నాణెం, ప్రతి రాష్ట్రానికీ ఒకటి, అమ్మబోతే ఏ ఊళ్ళోనైనా కొనే డీలరు: ఇన్ని సుగుణాలు ఒకచోట ఉన్నది మిగతా మూడింటిలో లేదు. మొదటిసారి కొనేవారికి నా సలహా ఇదే శ్రేణి.

## పార్కుల క్వార్టర్లు

2008 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టంతో 2010లో ఈ శ్రేణి మొదలైంది. రాష్ట్రానికొకటి, రాజధాని ప్రాంతానికీ ఇతర ప్రాంతాలకూ ఒక్కొక్కటి చొప్పున మొత్తం 56. అర్కాన్సాలోని హాట్ స్ప్రింగ్స్‌తో మొదలై, 2021లో అలబామాలోని టస్కీగీ ఎయిర్‌మెన్ చారిత్రక స్థలంతో ముగిసింది. ఆయా స్థలాలకు జాతీయ గుర్తింపు దక్కిన తేదీల ప్రకారం క్రమాన్ని నిర్ణయించారు కాబట్టి రాష్ట్రాల చరిత్ర క్రమం ఇందులో కనిపించదు.

దీనిని రాష్ట్రాల శ్రేణి అనడం కంటే స్థలాల శ్రేణి అనడం సరైనది. కుటుంబంతో కారులో జాతీయ పార్కులు తిరిగేవారికి ఇది దగ్గరగా అనిపిస్తుంది: షెనాండోవా చూసివచ్చినవారికి 2014 వర్జీనియా నాణెం, యోసెమిటీలో ఎల్ కాపిటాన్ కింద నిలబడినవారికి 2010 కాలిఫోర్నియా నాణెం ఇట్టే గుర్తుంటాయి. న్యూజెర్సీకి 2017లో ఇచ్చిన ఎల్లిస్ ద్వీపం నాణెం, వలస వచ్చి స్థిరపడిన ఏ కుటుంబానికైనా అర్థవంతమైనదని నా అభిప్రాయం. వెండి పరంగా గుర్తుంచుకోవలసిన మార్పు ఒకటే: 2018 వరకు వచ్చిన 45 నాణేలు 90 శాతం వెండివి, 2019 నుంచి వచ్చిన 11 నాణేలు 99.9 శాతం వెండివి. పాత శ్రేణి ఇప్పటికే ఉన్నవారు దీనికి రావచ్చు; రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టడం మాత్రం మంచిది కాదు.

## ఐదు ఔన్సుల నాణేలు

మూడు అంగుళాల వ్యాసం, 155.5 గ్రాముల స్వచ్ఛమైన వెండి, దానిపై రాసి ఉన్న విలువ మాత్రం పావు డాలరే. చిన్న క్వార్టరు మీద భూతద్దంతో వెతుక్కున్న ఆకులు, అలలు, రాతి పగుళ్లు దీని మీద చేయి చాచిన దూరంలో కూడా కనిపిస్తాయి. పాపకో బాబుకో వెండి విలువ చేతికి తెలిసేలా చూపాలంటే ఇంతకంటే మంచి వస్తువు లేదు. వీటికి మామూలు క్వార్టరుకు ఉన్నట్టు నిలువు గీతల అంచు ఉండదు. వెండి స్వచ్ఛత, బరువు అంచు మీద అక్షరాల్లో చెక్కి ఉంటాయి.

ఇవి రెండు రకాలు. టంకశాల గుర్తు లేని బులియన్ రకాన్ని, అంటే ప్రధానంగా వెండి విలువ కోసం కొనేదాన్ని, గుర్తింపు పొందిన పెద్ద వ్యాపారుల ద్వారా విడుదల చేశారు. 'పి' గుర్తుతో, మెరుపు తగ్గించిన మెత్తని ఉపరితలంతో, పెట్టె, ధ్రువపత్రంతో వచ్చిన రకాన్ని టంకశాల నేరుగా సేకరణకారులకు అమ్మింది. 2010లో బులియన్ రకం ఒక్కో బొమ్మకు 33,000, 'పి' రకం 27,000 తయారయ్యాయి. చిన్న క్వార్టర్లతో పోలిస్తే ఈ సంఖ్యలు చాలా తక్కువ, అయితే కొనేవారు కూడా అంతే తక్కువ. అందుకే సంఖ్య తక్కువగా ఉన్నంత మాత్రాన ధర అందుకు తగినట్టు పెరగదు. కావలసినది వెండి అయితే బులియన్ రకం చాలు. 'పి' రకానికి ఇచ్చే అదనపు సొమ్ము దాని ఉపరితలపు అందం కోసమే.

పూర్తి శ్రేణి కట్టాలనుకునేవారు ఒకసారి లెక్క వేసుకోవాలి: 56 నాణేలంటే 280 ట్రాయ్ ఔన్సులు, అంటే 8.7 కిలోలకు పైగా వెండి. అది సేకరణ అనిపించుకోదు, పెట్టుబడి అవుతుంది. పెట్టుబడిగా చూస్తే, అదే బరువు వెండిని కడ్డీల రూపంలో ఇంకా తక్కువ ప్రీమియంతో కొనవచ్చు. అందుకే ఈ శ్రేణిని పూర్తిచేయమని ఎవరికీ చెప్పను. తమ జీవితంతో సంబంధం ఉన్న ఒకటి రెండు రాష్ట్రాలను ఎంచుకొని వాటితో ఆగడమే దీన్ని ఆస్వాదించే పద్ధతి. ఇంకో సంగతి: ఇంత పెద్ద మెత్తని వెండి ఉపరితలం మీద గీతలు చాలా త్వరగా పడతాయి కనుక, గట్టి ప్లాస్టిక్ డబ్బీ లేకుండా కొనవద్దు.

## పాత అర డాలరు నాణేలు

నాలుగింటిలో చరిత్ర అత్యంత గాఢంగా ఉన్నది ఇది, జాగ్రత్త అత్యంత అవసరమైనదీ ఇదే. అమెరికాలో స్మారక నాణేలు 1892లో కొలంబియన్ ప్రదర్శనతో మొదలైనా, ఒక రాష్ట్రం శతాబ్దికి వచ్చిన మొదటిది 1918 నాటి ఇల్లినాయ్ అర డాలరు. దానిపై గడ్డం లేని యువ లింకన్ కనిపిస్తాడు. 1920లో మెయిన్, 1921లో అలబామా, మిస్సోరి, 1925లో కాలిఫోర్నియా, 1934లో మేరీలాండ్, 1935లో కనెక్టికట్, 1936లో విస్కాన్సిన్, 1946లో అయోవా. ప్రతి నాణెం 12.5 గ్రాములు, 90 శాతం వెండి. చెలామణి కోసం కాక, ముఖ విలువకంటే ఎక్కువకు అమ్మి ఉత్సవ నిధులు సమకూర్చడానికి చేసినవి.

అలబామా నాణెంపై అప్పటి గవర్నర్ థామస్ కిల్బీ ముఖచిత్రం ఉంది. జీవించి ఉన్న వ్యక్తి అమెరికా నాణెం మీదికెక్కడం అదే మొదలు. అలబామా 22వ రాష్ట్రమని తెలిపే చిన్న గుర్తు, మిస్సోరి 24వ రాష్ట్రమని తెలిపే నక్షత్రపు గుర్తు కొన్ని నాణేలపైనే చెక్కారు కనుక, అవి ఉన్నవాటికి ధర ఎక్కువ. అయోవా ప్రభుత్వం తన నాణేల్లో కొన్నిటిని 1996లోను, మరికొన్నిటిని 2046లోను విడుదల చేయడానికని దాచిపెట్టింది. కనెక్టికట్ 1935లో చెక్కించిన చార్టర్ ఓక్ చెట్టే 1999 క్వార్టరు మీద మళ్ళీ కనిపిస్తుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అరవై నాలుగేళ్ల తేడాలో ఒకే చెట్టును ఇద్దరు శిల్పులు ఎలా చూశారో తెలుస్తుంది.

ఈ శ్రేణిలో ఒక చేదు అధ్యాయమూ ఉంది. 1930లలో టెక్సాస్, అర్కాన్సా నాణేలను ఏళ్ల తరబడి, మూడేసి టంకశాలల్లో, ఒకే బొమ్మతో మళ్ళీ మళ్ళీ ముద్రించారు. పూర్తి సెట్టు కావాలనుకున్నవారు ప్రతి ఏడాది మూడు నాణేలు కొనవలసి వచ్చింది. ఈ ధోరణి మీద అసంతృప్తి పెరిగి, 1939లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ వాటికి అడ్డుకట్ట వేసింది. ఇప్పుడు కొనేవారు దీని నుంచి గ్రహించవలసింది సులభం: టెక్సాస్‌కు పదమూడు, అర్కాన్సాకు పదిహేను తేదీ, టంకశాల భేదాలున్నా, బొమ్మ కోసమైతే ఒక్కొక్కటి చాలు. టెక్సాస్ నాణెం వెనుక రెక్కల విజయదేవత, అలమో కోట, సామ్ హ్యూస్టన్, స్టీఫెన్ ఆస్టిన్ ముఖాలు అన్నీ ఇమిడి ఉంటాయి. ఇంత నిండుగా చెక్కిన నాణెం నాలుగు శ్రేణుల్లోనూ నాకు మరొకటి కనిపించలేదు.

యాభై రాష్ట్రాలు ఇందులో లేవు. న్యూజెర్సీ పేరిట ఒక్కటీ లేదు. హవాయికి 1928లో, అది ఇంకా రాష్ట్రం కానప్పుడు, 10,008 మాత్రమే వచ్చాయి కనుక అది సామాన్యుల అందుబాటులో లేదు. ధర వెండి బరువును బట్టి కాక స్థితిని బట్టి నిర్ణయమవుతుంది. దశాబ్దాలుగా చేతులు మారిన ఈ నాణేల్లో చాలావాటిని ఎవరో ఒకరు తోమి మెరిపించారు. తోమిన నాణెం కొత్తవారి కంటికి అందంగానే కనిపిస్తుంది, డీలరు మాత్రం వెంటనే ధర తగ్గిస్తాడు. అందువల్ల ఈ శ్రేణిలో మాత్రం పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు పరిశీలించి గట్టి ప్లాస్టిక్‌లో మూసిన నాణేలనే కొనమని గట్టిగా చెబుతాను.

## ఎవరికి ఏది

పిల్లలతో కలిసి భూగోళం, చరిత్ర నేర్చుకోవాలనుకునే తల్లిదండ్రులు చెలామణి క్వార్టర్ల ఆల్బంతో మొదలుపెట్టి, ఆసక్తి నిలిచిందని తేలిన తరువాత రాష్ట్ర క్వార్టర్ల వెండి సెట్లకు రావాలి. పిల్లలు ఏ చింతా లేకుండా చేత్తో పట్టుకొని చూడగలిగినవి చెలామణి నాణేలే. ప్రూఫ్ నాణేన్ని వేళ్లతో తాకితే ఆ జిడ్డు మరక శాశ్వతంగా ఉండిపోతుంది.

బారసాలకో, మొదటి పుట్టినరోజుకో, గృహప్రవేశానికో వెండి ఇవ్వాలనుకునేవారు బిడ్డ పుట్టిన రాష్ట్రం లేదా ఇల్లు కొన్న రాష్ట్రం పేరిట ఉన్న ఐదు ఔన్సుల నాణెం ఒకటి ఎంచుకోవచ్చు. ఖర్చు అంత పెట్టలేకపోతే ఆ రాష్ట్రపు వెండి ప్రూఫ్ క్వార్టరు, గట్టి డబ్బీలో పెట్టి ఇస్తే అదీ గౌరవంగానే ఉంటుంది. లక్ష్మీదేవి ముద్ర ఉన్న వెండి బిళ్ళల స్థానాన్ని ఇవి తీసుకోలేవు, తీసుకోనక్కరలేదు. పూజలో పెట్టే వెండి వేరు, ఇది వేరు.

వెండిని పొదుపుగా కూడబెట్టాలనుకునేవారికి ఈ నాలుగింటిలో ఏదీ మొదటి ఎంపిక కాకూడదు. కడ్డీలో, మామూలు ఒక ఔన్సు బులియన్ నాణేలో వారికి నయం. రాష్ట్రం ముచ్చట కూడా కావాలంటే ఐదు ఔన్సుల బులియన్ రకాన్ని, ప్రీమియం తగ్గినప్పుడు కొనవచ్చు. భారత ప్రభుత్వ స్మారక నాణేలకు అలవాటుపడినవారు ఒక తేడా గమనించాలి: మన పాత వంద రూపాయల స్మారక నాణేల్లో చాలావాటిలో వెండి 50 శాతమే, ఇక్కడ చెప్పినవన్నీ 90 శాతం, అంతకు పైన.

చరిత్ర చదివే అలవాటు, ఓపిక ఉండి, ఏడాదికి ఒకటి రెండు మంచి వస్తువులు మాత్రమే కొనేవారికి పాత అర డాలర్లను మించినవి లేవు. ఇల్లినాయ్, మెయిన్, కనెక్టికట్, టెక్సాస్, అయోవా: ఇలా ఐదారు చేర్చుకుంటే అదే ఒక చక్కని సేకరణ.

## కొనేముందు, కొన్నాక

ఆధునిక ప్రూఫ్ నాణేలకు 69, 70 అని గ్రేడు (స్థితిని బట్టి 70కి ఇచ్చే మార్కు) వేసి అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. కంటికి ఆనని తేడాకు 70 గ్రేడు పేరిట ఎన్నో రెట్లు అడుగుతారు. ఈ క్వార్టర్లలో ఎక్కువ భాగం మంచి స్థితిలోనే మిగిలి ఉన్నాయి కాబట్టి, టంకశాల ఇచ్చిన అసలు ప్లాస్టిక్ డబ్బీలో, పెట్టెతో, ధ్రువపత్రంతో ఉన్న సెట్టు చాలు. గ్రేడింగ్‌కు డబ్బు పెట్టవలసింది పాత అర డాలర్ల మీదే.

కొన్న తరువాత వెండి నల్లబడితే దాన్ని తోమకూడదు. పూజాసామగ్రిని విభూతితోనో, చింతపండుతోనో, పళ్లపొడితోనో మెరిపించే అలవాటు మన ఇళ్లలో ఉంది. నాణెం మీద అది ఒక్కసారి చేసినా సన్నని గీతలు పడి, మిగిలేది లోహం విలువ మాత్రమే. ఇంట్లో పనిలో సాయం చేసేవారికి, పెద్దవారికి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది. మెత్తని పీవీసీ కవర్లలో దాచితే కాలక్రమంలో పచ్చని జిగురు మరక పడుతుంది. గట్టి డబ్బీలు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వాడాలి. విజయవాడ, విశాఖ వంటి ఉక్క వాతావరణంలో దాచేవారికి ఇది మరింత అవసరం.

స్వదేశానికి తెచ్చుకోవాలనుకునేవారు కస్టమ్స్ నిబంధనలను ప్రయాణానికి ముందే చూసుకోవాలి. నాణెం మీద పావు డాలరు అని రాసి ఉన్నంత మాత్రాన దానిని చిల్లరగా భావించి ఊరుకోకూడదు. రసీదు వెంట ఉంచుకోవాలి. ఆ రసీదు అమెరికాలో అమ్మేవారికీ అవసరమే. అక్కడి పన్ను చట్టం నాణేలను సేకరణ వస్తువులుగా చూస్తుంది, ఏడాదికి పైగా ఉంచుకొని అమ్మినప్పుడు వచ్చిన లాభంపై ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉండవచ్చు. ఎంతకు కొన్నామో చూపే కాగితం లేకపోతే ఆ లాభాన్ని లెక్కించడమే కష్టమవుతుంది. కనుక కొన్న తేదీ, ధర, ఆ రోజు వెండి ధర, ఈ మూడూ ప్రతి నాణేనికీ ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో మరొకరికి కూడా తెలియజేయండి.